మసి కాపీ

షీటు కుడి అంచు ఎడమ అంచు మీదికి రాగానే చిన్నక్క బద్దతో మడత మీద ఒక్క లాగు లాగింది. షీటు తిప్పింది, మళ్ళీ మడిచింది, మళ్ళీ లాగింది. ఇంకోసారి తిప్పేసరికి బల్లంత కాగితం పదహారు పేజీల పొత్తు అయిపోయింది. దాన్ని ఎడమవైపు దొంతర మీద పడేసి, చూడకుండానే ఇంకో షీటు అందుకుంది.

ఆ పదహారు పేజీల పొత్తును బైండింగు షాపులో ఫారం అంటారు. బయటివాళ్ళకు ఫారం అంటే ఆఫీసుల్లో నింపి ఇచ్చే కాగితం. చిన్నక్క పెళ్ళయిన కొత్తలో ఈ షాపుకు మొదటిసారి వచ్చినప్పుడు తనూ అలాగే అనుకుని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది. ఆ మాట చెప్పుకుని షాపులో ఇప్పటికీ నవ్వుతారు. ఆమె మాత్రం నవ్వదు, కోప్పడదు. మనిషే అంత.

బద్ద అంటే కొమ్ముతో చేసిన సన్నటి పలక, అరచేయంత పొడవు. మడత నొక్కడానికి ఇక్కడి ఆడవాళ్ళందరి దగ్గరా ఒకటి ఉంటుంది. వాడగా వాడగా అది పట్టుకున్నవాళ్ళ చేతికి తగినట్టు అరుగుతుంది. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. చిన్నక్క చేతివేళ్ళు కూడా బద్దతో పాటే అరిగాయి. చివర్లు నున్నబడి, బొటనవేలి పక్కన కాయ కాసి, వేడిగిన్నె పట్టుకున్నా కాలుతోందని కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. భర్త ఇల్లు వదిలి వెళ్ళిపోయిన ఏడాది ఆమెకు ఏడుపొస్తుందేమోనని అందరూ ఎదురుచూశారు. ఆమె కూడా చూసింది. రాలేదు. తర్వాత ఆ సంగతి మర్చిపోయి పనిలో పడింది.

ఎదురుగా ఉన్న స్టూలు ఖాళీగా ఉంది. అది పెద్దక్కది. పెద్దక్క ఆమెకు తోడికోడలు. ఇద్దరూ ఒకే ఇంటికి అన్నదమ్ముల్ని చేసుకుని వచ్చారు. పెద్దక్క భర్త పోయాడు, చిన్నక్క భర్త వెళ్ళిపోయాడు, అత్తగారు కాలం చేసింది, ఆ ఇల్లు కూడా చేయి జారింది. తోడికోడళ్ళు మాత్రం మిగిలి రెండు గదుల్లో కాపురం పెట్టారు. మొగుళ్ళు ఉన్నప్పుడు గిన్నెల దగ్గరా నీళ్ళ దగ్గరా పోట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు ఒకరికొకరు దిండు సర్దుకుంటున్నారు.

పెద్దక్క మంచం పట్టి చాలా కాలమైంది. ఊపిరి సగం దాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. పక్కింట్లో ఉండే నర్సు మొన్న చెయ్యి పట్టుకుని చూసి, గుమ్మం దాకా వచ్చాక చిన్నక్కతో మెల్లగా, "ఆవిడకి ఏది ఇష్టమైతే అది చెయ్యండి" అని వెళ్ళిపోయింది. ఆ మాటకు అర్థమేమిటో చిన్నక్కకు తెలుసు. తెలిసి కూడా ఆ పూట అన్నం మామూలుగానే తినగలిగింది. తిన్నందుకు తన మీద తనకే ఆశ్చర్యం వేసింది.

పెద్దక్కకు ఇష్టమైనది ఒకటే మిగిలింది. ఈ నవల.

నాలుగు భాగాల నవల. ఎప్పటిదో, ఎక్కడిదో తెలియని రాజ్యం. కోటకు రాణి. ఆమె గుర్రాలను చూసుకునే రౌతు ఒకడు. అతనికి శాపం ఉంది. తెల్లవారితే కోట గుమ్మం పక్కన రాతిగుర్రమై నిలబడతాడు, పొద్దుగూకితే మనిషవుతాడు. రాణి రోజూ ఆ రాతిగుర్రం మెడ మీద చెయ్యి వేసుకునే జనం మొర వింటుంది. రాత్రిపూట తాను మనసిచ్చినవాడు అదేనని మూడో భాగం దాకా ఆమెకు తెలియదు. పెద్దక్కకు మాత్రం మొదటి భాగంలోనే తెలిసిపోయింది. "ఆ చెయ్యి తియ్యకే తల్లీ, అతనే అది!" అని పుస్తకంలో రాణిని కేకలేసేది. పొరుగు రాజు ఒకడు రాణిని చేసుకుంటానని సైన్యంతో తిరుగుతుంటాడు. అతనికి పెద్దక్క పెట్టిన పేరు మీసాలోడు. మీసాలోడు వచ్చిన పేజీల్లో ఆమె మందు వేసుకోవడం కూడా మర్చిపోయేది.

"నీకు ఆ గుర్రాల గొడవ ఎందుకక్కా?" అనేది చిన్నక్క వంటింట్లోంచి. కాసేపటికి పేజీ తిప్పిన చప్పుడు వినపడకపోతే, "తర్వాతేమైంది?" అని తనే అడిగేది.

ఇప్పుడు నాలుగో భాగం, ఆఖరిది, షాపులోనే మడతకు వచ్చింది.

పుస్తకం మొదటినుంచి చివరికి చదవాలనే రూలు కొనుక్కునేవాళ్ళకు. మడతపెట్టేవాళ్ళకు లేదు. ప్రెస్సులో ఏ ప్లేటు ముందు సిద్ధమైతే ఆ ఫారం ముందు అచ్చవుతుంది. అందుకని షాపులో ఆడవాళ్ళకు కథలన్నీ తలకిందులుగానే తెలుస్తాయి. హంతకుడు దొరికిపోయాక హత్య జరుగుతుంది, బారసాల అయ్యాక పెళ్ళిచూపులు. ఈసారి అన్నిటికంటే ముందు ఆఖరి ఫారం దిగింది. అందులో పెళ్ళి ఉంది. కోట తలుపుల ముందు రౌతు పెళ్ళి బట్టల్లో నిలబడి ఉంటాడు, తెల్లవారుతుంది, అతను రాయి కాడు. షాపంతా సంబరపడింది. జిగురు పూసే ఆయన, ఆడవాళ్ళ కథలు తనకెందుకని పైకి అంటూనే, బ్రష్షు పక్కన పెట్టి రెండు పేజీలు చదివి వెళ్ళాడు.

ఆ సాయంత్రం చిన్నక్క చెప్పులు విడవకుండానే చెప్పింది.

"అక్కా, పెళ్ళవుతుందట."

"ముందే చెప్పేశావేమే పాపిష్టిదానా!" అని పెద్దక్క గోడవైపు తిరిగింది. ఒక్క నిమిషమైనా కాలేదు, మళ్ళీ ఇటు తిరిగింది. "ఏ రంగు బట్టలు?"

చిన్నక్క అంత చూడలేదు. మర్నాడు వెళ్ళి ఆ సంగతి చూడటం కోసమే మళ్ళీ ఆ ఫారం విప్పింది. రౌతు తెల్లబట్టల్లో ఉన్నాడు, అంచు మాత్రం నీలం. ఇంటికొచ్చి చెబితే పెద్దక్క కళ్ళు మూసుకుని, "తెలుపు బాగుంటుంది అతనికి" అంది, తన తమ్ముడికి సంబంధం కుదిరినట్టు.

ఆ తర్వాత మిగతా ఫారాలు ఒకటొకటిగా దిగాయి. ఇక ఒకటే రావాలి, ఆఖరిదానికి ముందుది. ఈ ఉదయం చిన్నక్క తల దువ్వుకుంటుంటే పెద్దక్క మంచం మీంచి అడిగింది.

"ఇవాళైనా తెస్తావా?"

"ఇంకో ఫారం రావాలక్కా."

"పెళ్ళి ఫారం వచ్చేసిందిగా. ఆ ఒక్కటీ లేకపోతే మునిగిపోయేదేముంది?"

"ఫారం తప్పిన పుస్తకం తెస్తే నువ్వూరుకుంటావా?"

"ఊరుకుంటానా? బద్ద పెట్టి పక్కన పెడతాను" అని పెద్దక్క నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

షాపులో పద్ధతి అది. కుట్టిన పుస్తకాన్ని చెకింగుకు పంపినప్పుడు, ఎక్కడైనా ఫారం తప్పినట్టు తేలితే, సరిగ్గా ఆ చోట బద్దను సగం బయటికి కనిపించేలా పెట్టి పక్కన పెడతారు. అరవక్కర్లేదు, ఎవరినీ తిట్టక్కర్లేదు. చూసినవాళ్ళు వచ్చి ఆ ఫారం తెచ్చి సరిచేస్తారు. పెద్దక్క చెకింగులో ఉన్న రోజుల్లో ఆమె బద్ద పెట్టని రోజు లేదు. ఇప్పుడు ఆ బద్ద ఆమె దిండు కింద ఉంటుంది. అడిగితే వీపు గోక్కోవడానికని చెబుతుంది.

ఎండ కిటికీ మీదికి ఎక్కే వేళకు ప్రెస్సువాళ్ళు ఆ మిగిలిన ఫారం తెచ్చి బల్ల మీద దించారు. మొదటి షీటు చెకింగు అమ్మాయి లాక్కుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోకుండా చదివింది. చదివి షీటు కింద పెట్టింది.

"రౌతు పోయాడు."

"పోవడమేంటి? పెళ్ళి ఉందిగా" అంది పక్కబల్ల ఆవిడ.

"ఆ పెళ్ళి కల అంట. రాణికి కల వస్తుందంట."

జిగురాయన డబ్బాలో బ్రష్షు తిప్పుతూ, "నేను అనుకుంటూనే ఉన్నా. గుర్రాన్ని చేసుకుంటానంటే లోకం ఊరుకుంటుందా?" అన్నాడు. అనేసి, తన మాట తనకే నచ్చనట్టు డబ్బా పట్టుకుని అవతలికి వెళ్ళాడు.

చిన్నక్క మొదటి షీటు మడవలేదు. పరిచి, ఒక పేజీ నిలువుగా ఉంటే ఇంకో పేజీ తలకిందులుగా ఉంటుంది కాబట్టి, షీటు తిప్పుకుంటూ చదివింది. మీసాలోడి సైన్యం కోట మీదికి వస్తుంది. రౌతు రాత్రంతా ఒక్కడే గుమ్మం ఆపుతాడు. తెల్లవారేసరికి రాయైపోతాడు. ఆ రాతిగుర్రం వాళ్ళకు అడ్డంగా ఉందని సమ్మెటలు తెచ్చి కొడతారు. లోపల తలుపు చాటున నిలబడి రాణి ఒక్కొక్క దెబ్బా వింటుంది. అంతా అయ్యాక బయటికొచ్చి ముక్కలు ఏరుకుంటుంది. ఒక డెక్క దొరుకుతుంది. దాని మీద తల పెట్టుకుని పడుకుంటుంది.

చదవడం అయిపోయాక చిన్నక్క షీటు మడిచింది. మడత వంకర పోయింది. ఆమె చేతిలో మడత వంకర పోవడం షాపులో ఎవరూ చూడలేదు. విప్పి మళ్ళీ మడిచింది. మళ్ళీ వంకరే. దాన్ని పక్కకు తోసి ఇంకో షీటు తీసుకుంది. అప్పుడు ఆమెకు కోపం వచ్చిందని తెలిసింది. ఎవరి మీదో తెలియలేదు. నవల రాసినావిడ మీద కావచ్చు. మొన్న చెప్పులు విడవకుండా శుభవార్త మోసుకెళ్ళిన తన మీద కావచ్చు. ఎప్పుడో వదిలేసిన వస్తువు మళ్ళీ చేతికి తగిలినట్టు ఆ కోపం కాస్త వింతగా ఉంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచింది కానీ సగం తిని మూసేసింది. కటింగు మిషను ఆపేశారు. అది ఆగినప్పుడల్లా ఆమెకు ఒకే రోజు గుర్తొస్తుంది.

పెద్దక్క భర్త ఆ మిషను మీద పనిచేసేవాడు. ఒకరోజు గుండె పట్టుకుని మిషను పక్కనే ఒరిగిపోయాడు. గోడకు ఇవతల పెద్దక్క ఫారాలు ఎత్తుతోంది. బల్ల చుట్టూ తిరుగుతూ, వరసగా ఒక్కో దొంతర మీంచి ఒక్కో ఫారం తీసి పుస్తకంగా జోడించడం అది. అప్పటి మేస్త్రీ లోపలికి వచ్చి, పెద్దక్కను చూసి, ఇంకెవరూ నోరు తెరవక ముందే అందరికీ చేత్తో సైగ చేశాడు. ఆమె దొంతర పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. పూర్తయ్యాక చెప్పారు. చిన్నక్కకు ఆ మౌనం తర్వాత చాలా కాలం గుచ్చుకుంది. ఒకసారి ఆ మాటే ఎత్తితే పెద్దక్క కూర తరుగుతూ తల ఎత్తకుండా అంది.

"మంచిపనే చేశారే. ఆ కాసేపూ ఇంకా ఆయన పెళ్ళాన్నే కదా."

చిన్నక్క డబ్బా కడిగి సంచిలో పెట్టింది. ఇప్పటి మేస్త్రీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మసి కాపీ ఒకటి తీసుకుంటాను."

అచ్చు మొదలెట్టినప్పుడు ఇంకు సరిగా కుదరక కొన్ని షీట్లు మసి అంటుకుని పాడవుతాయి. వాటిని పారేయరు. మడిచి, జోడించి, షాపులో కావలసినవాళ్ళు పుస్తకంగా కుట్టుకుంటారు. అదే మసి కాపీ. పెద్దక్క ఇంట్లో చదివిన పుస్తకాలన్నీ అవే. ఒక్కోసారి వాక్యం మధ్యలో నల్లటి మరక వస్తే, అక్కడ ఏముండి ఉంటుందో తోడికోడళ్ళిద్దరూ వాదించుకునేవారు. అయితే అసలు పుస్తకాలన్నీ షాపు దాటి వెళ్ళాకే మసి కాపీ ముట్టుకోవాలని కట్టడి.

"ఆర్డరు వెళ్ళనీ" అన్నాడు మేస్త్రీ.

"అప్పటికి..." అని చిన్నక్క ఆగింది.

అతను తల ఎత్తాడు. "పెద్దక్కకా?"

"ఊఁ."

"తీసుకో. జిగురు ఆరాకే తీసుకెళ్ళు."

ఆమె పాడైన ఫారాల దొంతరలు బల్ల మీద వరసగా పేర్చుకుంది. పెద్దక్క నేర్పినట్టే కుడివైపు నుంచి మొదలుపెట్టి నడిచింది. ఒకటి తీసింది, దాని మీద ఒకటి పెట్టింది, ఇంకొకటి. ఆఖరిదానికి ముందు దొంతర దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెళ్ళింది కానీ తీయలేదు. చేతిలో ఉన్న ఫారం ఆఖరి పేజీ చూసింది. "రాణి కోట తలుపులు తెరవమంది. తెరిచేసరికి ఎదురుగా" అని ఆగిపోయి ఉంది. తర్వాతి ఫారంలో అక్కడ శత్రువుల దివిటీలు ఉంటాయి. ఆమె దాన్ని దాటి ఆఖరి ఫారం తీసి మొదటి వరస చూసింది. "నిలబడి ఉన్నాడు రౌతు, పెళ్ళి బట్టల్లో."

రెండూ దగ్గర పెట్టి మళ్ళీ చదివింది. తెరిచేసరికి ఎదురుగా నిలబడి ఉన్నాడు రౌతు, పెళ్ళి బట్టల్లో. అతుకు ఎక్కడా తెలియలేదు. ఇంత బాగా అతికేదాన్ని రాసినావిడ ఎందుకు విడదీసిందో చిన్నక్కకు అర్థం కాలేదు.

పేజీ అంకెలు మాత్రం దాటిపోతాయి. అందుకని ఆఖరి ఫారాల దొంతరంతా వెతికి, కింది మూల బాగా మసి పట్టి అంకెలు కనపడనిది ఏరి తీసింది. సూదిలో దారం ఎక్కించి కుట్టింది. ఒక్కో ఫారం వెన్నులోంచి దారం లాగి బిగించింది. తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు, గొప్ప పని చేస్తున్నట్టూ అనిపించలేదు. పని చేస్తున్నట్టే ఉంది.

వదిలేసిన ఫారాల్లో ఒకటి తీసి అన్నం డబ్బా కింద, సంచి అడుగున పెట్టుకుంది. అక్కడే వదిలేసి ఉండొచ్చు. కానీ ఫారాన్ని దాని పుస్తకానికి దూరంగా ఉంచకూడదని పెద్దక్క చెప్పేది, పిల్లను తల్లికి దూరం చేయకూడదన్నట్టు.

కుట్టిన పొత్తు జిగురాయన ముందు పెట్టింది. ప్రతి ఫారం వెన్ను మీదా ఒక నల్ల గీత అచ్చయి ఉంటుంది, ఒక్కో ఫారానికి కాస్త కాస్త కిందికి. అన్నీ వరసగా చేరితే వెన్ను మీద మెట్లు దిగినట్టు కనిపిస్తాయి. ఫారం తప్పితే మెట్టు తప్పుతుంది. జిగురాయన బ్రష్షు ఎత్తి ఆగాడు.

"చిన్నక్కా, చివర్లో మెట్టు..."

"తెలుసు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత మెట్లన్నిటి మీదా జిగురు దట్టంగా పూసేసి, అట్ట అతికించి, బరువు కింద పెట్టాడు. ఆరేదాకా మళ్ళీ ఆ వైపు రాలేదు.

ఇంటికి వచ్చేసరికి వెలుగు ఇంకా ఉంది. పెద్దక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళజోడు అప్పటికే పెట్టుకుంది. తెస్తుందని నమ్మకం ఉన్నట్టు తల కూడా దువ్వుకుంది, ఒక పక్క మాత్రమే. రెండో పక్కకు చెయ్యి లేవలేదు కాబోలు.

చిన్నక్క పుస్తకం ఒళ్ళో పెట్టింది. పెద్దక్క ముందు వాసన చూసింది. అట్ట తడిమింది. వెన్ను మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి దించింది. చిన్నక్క చూడలేక దువ్వెన తీసుకుని ఆమె జుట్టు రెండో పక్క దువ్వసాగింది.

"ఆ రావాల్సిన ఫారం వచ్చిందన్నమాట" అంది పెద్దక్క.

"వచ్చింది."

"ఏముంది అందులో?"

"ఏముంటుంది, యుద్ధం. చదువుకో, నేను టీ పెడతాను."

వంటింట్లో పని ఏమీ లేదు, అయినా ఆమె అక్కడే ఉండిపోయింది. టీ ఇచ్చి వచ్చి అన్నం పెట్టింది. అన్నం ఇచ్చి వచ్చి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. ముందు ఫారాల్లోని కథంతా చిన్నక్క నోట విన్నదే కాబట్టి పెద్దక్క వేగంగా తిప్పుకుంటూ పోయింది. మధ్యలో ఒకసారి, "మీసాలోడికి సిగ్గు లేదు" అన్న మాట వినపడింది. ఇంకోసారి నవ్వు. పేజీల చప్పుడు గోడ ఇవతలికి బాగా వస్తుంది. కిటికీ బయట చీకటి పడుతుండగా ఆ చప్పుడు ఆగింది.

చిన్నక్క చేతిలో గిన్నె అలాగే ఉంది. కుళాయి కట్టేసింది. లోపల ఊపిరి వినపడుతోంది, సగం దాకా వెళ్ళి వెనక్కి వస్తూ. ఒక పేజీ వెనక్కి తిప్పిన చప్పుడు. మళ్ళీ ముందుకి. మళ్ళీ ఏమీ లేదు. తనను పిలుస్తుందనుకుంది. పిలిస్తే ఏం చెప్పాలో ఆమె ఆలోచించుకోలేదు. సంచి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది, అందులో డబ్బా కింద రౌతు చచ్చిపోయి ఉన్నాడు. తెచ్చి చేతిలో పెట్టేయాలా అని ఒక అడుగు వేసింది. అప్పుడు లోపల పేజీ తిరిగింది. ఆ తర్వాత ఇంకొకటి. ఇక ఆగకుండా తిరుగుతూ పోయాయి.

"ఏమే, ఇలా రా" అని పిలుపు వచ్చేసరికి చేతులు తుడుచుకుని వెళ్ళింది.

పుస్తకం మూసి ఉంది. పెద్దక్క కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. మొహం అలిసిపోయి ఉంది, బాగుంది.

"పెళ్ళి చేసేసింది మొత్తానికి" అంది.

"చెప్పాగా."

"నువ్వు చెప్పినట్టే. తెలుపు, నీలం అంచు. తెల్లారినా రాయి కాలేదు. రాణి ఏం చేసిందో తెలుసా? మెడ మీద చెయ్యి వేసింది. పగలు. అందరూ చూస్తుండగా."

"బాగుందా?"

"చాలా బాగుంది." ఊపిరి కోసం ఆగింది. "నువ్వు చదివావా?"

"నాకెక్కడ తీరింది? మడిచానంతే."

పెద్దక్క ఆమె వేళ్ళు పట్టుకుంది. పట్టుకున్న సంగతి చిన్నక్కకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

"కుట్టు గట్టిగా వేశావు" అంది పెద్దక్క. "పుస్తకం నా దగ్గరే ఉండనీ. ఇంకాసేపు చూసుకుంటాను."

చిన్నక్క తీగ మీద ఆరిన బట్టలు తెచ్చి మంచం పక్కన నేల మీద కుప్ప పోసుకుని కూర్చుంది. అంచుకు అంచు కలిపి మడవడం మొదలుపెట్టింది. పైన మంచం మీద ఏదో కదిలింది, దిండు సర్దుకుంటోంది కాబోలు. తలెత్తి చూడలేదు. తువ్వాలు మడిచింది, దుప్పటి మడిచింది. ఇంటికెళ్ళే పిల్లలు వీధిలో ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. ఎవరో తలుపు వేసుకున్నారు. పెద్దక్క జాకెట్టు ఒకటి మడిచి దొంతర మీద పెట్టబోతుంటే, గదిలో ఏదో తగ్గినట్టు అనిపించింది. ఏం తగ్గిందో వెంటనే తట్టలేదు. కటింగు మిషను ఆగినప్పుడు కూడా ఇలాగే ఉంటుంది.

లేచి చూసింది. పెద్దక్క మొహం ఇటువైపే ఉంది, కళ్ళు మూసి ఉన్నాయి. ముక్కు దగ్గర వేలు పెట్టింది. తన వేళ్ళ మీద తనకే నమ్మకం లేక చెంప దగ్గరగా పెట్టి చూసింది.

గోడ అవతలే నర్సు ఉంది. ఒక్క కేక వేస్తే వస్తుంది. చిన్నక్క కేక వేయలేదు. మళ్ళీ కింద కూర్చుని, కుప్పలో మిగిలిన బట్టలు ఒక్కొక్కటే తీసి మడవసాగింది. తొందరపడలేదు. అంచుకు అంచు కలిపి, అరచేత్తో నొక్కి, దొంతర మీద పెట్టింది. ఆ దొంతర పూర్తయ్యేదాకా ఆమె ఇంకా తోడికోడలే. పూర్తయ్యాక ఏమవుతుందో దానికి పేరు కూడా లేదు. ఆఖరి తువ్వాలు రెండుసార్లు మడిచింది. ఏడుపు రాలేదు.

అప్పుడు లేచి గోడ మీద తట్టింది.

నర్సు వచ్చి చెయ్యి చూసింది, కళ్ళు చూసింది, తల ఊపింది. దుప్పటి సర్దుతూ, పెద్దక్క పక్కనున్న పుస్తకం తీసి చిన్నక్క చేతికిచ్చి, "చదువుతూ పోయారా?" అని అడిగింది.

"అయిపోయింది. చదివేసింది" అంది చిన్నక్క.

చెప్పాక చేతిలోని పుస్తకం వైపు చూసింది. చదవడం అయిపోయిన పుస్తకంలో గుర్తు ఎవరూ పెట్టుకోరు. పుస్తకం మూసే ఉంది. చివరికి కాస్త ముందు, సరిగ్గా రాణి తలుపులు తెరిచిన పేజీకీ రౌతు నిలబడిన పేజీకీ మధ్య, పెద్దక్క చేతికి అరిగిన కొమ్ముబద్ద సగం బయటికి కనిపిస్తూ ఉంది.